తెరమీద పెదాలు ఆగాక

డబ్బింగ్ థియేటర్లో ఆమెను అందరూ ఏడుపుల అత్తయ్య అంటారు. తెరమీద ఏ తల్లి గుండె పగిలినా గొంతు మాత్రం ఈవిడదే. "ఈ పూట ఎన్ని బిందెల ఏడుపు అత్తయ్యా?" అని సౌండ్ చూసే కుర్రాడు వేళాకోళమాడితే, "నీ పెళ్లికి సరిపడా దాచి ఉంచాన్లేరా" అని నవ్వేసేది.

ఇంటికెళ్తే నవ్వూ లేదు, ఏడుపూ లేదు. భర్త పోయిన రోజు నుంచి ఆమె దేవుడితో మాటలు మానేసింది. అంతకుముందు ఇద్దరూ మంచం పక్కన మోకరించేవారు. ప్రార్థన ఆయన చేసేవాడు, చివర్లో ఆమేన్ ఆమె అనేది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లే లేరు. తనే మొదలుపెడదామని ప్రాణం కొట్టుకునేది గానీ నోరు పెగిలేది కాదు. చర్చి సంఘం ఆడవాళ్లు వచ్చి, "ఆయన మంచి చోటికే వెళ్లారక్కా" అని ఓదార్చి, టీ తాగి వెళ్లిపోయేవారు. వాళ్లు వెళ్లాక ఇల్లు ఎంత బావురుమనేదో ఆ మహాతల్లులకేం తెలుసు!

ఒకరోజు డబ్బింగుకొచ్చిన సినిమాలో, భర్తను సమాధి చేసి వచ్చిన భార్య మోకరిస్తుంది. "నీ చిత్తమే జరిగింది ప్రభువా, నీకు స్తోత్రం. ఆమేన్." ఇంతే మాట. ఎన్నిసార్లు చెప్పినా గొంతులో తడి లేదు.

"అత్తయ్యా, మన విశ్వాసం గురించి ఒక్క సినిమా అయినా నిజాయితీగా తియ్యాలని నా తాపత్రయం. ఇదేమో బొమ్మ మాట్లాడినట్టుంది" అన్నాడు డైరెక్టరు.

"రాసిందే బొమ్మ మాట కదయ్యా!"

"పోనీ, పెదాలకి సరిపడేట్టు మీకొచ్చిందే చెప్పండి."

దీపాలు ఆర్పారు. తెరమీద ఆవిడ మోకరించింది.

"ప్రభువా, నీమీద నాకు చాలా కోపంగా ఉంది. అయినా ఇంకెవరితో చెప్పుకోను?"

అక్కడికి తెరమీద పెదాలు ఆగాయి. ఆమె ఆగలేదు.

"ఆయనకి ఊపిరాడకపోతే నిన్నెంత బతిమాలాను! వినలేదా? విని ఊరుకున్నావా? పొద్దున్నే రెండు కప్పులు తీసి, ఒకటి మళ్లీ లోపల పెడుతున్నాను. అసలు దేవుడివి నువ్వే లేవు అందామంటే నోరు రావడంలేదు. వచ్చి కాసేపు కూర్చో."

తెర ఎప్పుడో తెల్లబడింది. "అత్తయ్యా, బొమ్మ అయిపోయింది" అన్నాడు కుర్రాడు మెల్లిగా.

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. "చెరిపెయ్ నాయనా, అది సినిమాకి కాదు."

డైరెక్టరు కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "మీరు చెరపమంటే చెరిపేస్తాం. కానీ దేవుడిమీద అలిగి ఒక్కళ్లే కూర్చున్నవాళ్లు ఎంతమందో అత్తయ్యా! వాళ్లు వింటారు. ఆవిడ వీపు కనిపించే షాటుంది, అందులో పెదాలు కనబడవు, దానిమీద వేస్తాను."

ఆదివారం సంఘంలో ముఖమెలా చూపించాలి? ఆమె ఖాళీ తెరకేసి చూసింది. ఈ మధ్యకాలంలో మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఇదొక్కసారే.

"సరే, ఉంచండి" అంది.

కుర్రాడు హుషారుగా మీటల మీదికి వంగాడు. "చివర్లో ఆమేన్ ఒక్కటీ ఇందాకటి టేకులోంచి తెచ్చి అతికిస్తా అత్తయ్యా."

"వద్దురా" అందామె. "అది నా వంతు. ఇంకా అనలేదు."