అరువు నాయనమ్మ

ఎల్లుండి ప్రసంగానికి ఆయన వేసుకోబోయే తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మాకు మతాల అధ్యయనం చెప్పే మేడం. ఎప్పుడూ "ఏమ్మా పెద్ద విద్యార్థీ" అని నవ్వుతూ పిలిచే మనిషి, ఇవాళ నవ్వలేదు. "మీ ఆఖరి సంవత్సరం వ్యాసం మక్కీకి మక్కీ మీవారి ప్రసంగంలో ఉందమ్మా. వాళ్ళ మందిరం ఛానెల్లో చూశాం. అది పోయిన నెల పెట్టారు, మీరు వ్యాసం మొన్న ఇచ్చారు. కాపీ అని తేలితే మీ డిగ్రీ ఆగిపోతుంది. మీదే అయితే, మీదేనని ఆయన్ని ఒక్క మాట చెప్పమనండి. మిగతాది నేను చూసుకుంటాను" అంది. ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టి, ఆ ప్రసంగం వినడానికి కూర్చున్నాను.

పిల్లలు చేతికందాక, నలభై దాటిన వయసులో నేను బి.ఏ.లో చేరాను. మతాల అధ్యయనం నా ముఖ్య సబ్జెక్టు. ఇంట్లో ఒకటే నవ్వులు. "చదివాక ఏ మతంలో చేరతావు వదినా?" అని మా మరిది. "దేవుడికి దణ్ణం పెట్టుకోడానికి కూడా డిగ్రీ కావాలిటే?" అని మా అత్తగారు. "మా ఆవిడ దేవుడి మీద పరీక్షలు రాస్తోందిరా, దేవుడు పాసవుతాడో లేదో" అని ఆయన స్నేహితులకి ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నారు. మా క్లాసులో నమ్మమనరు, నమ్మొద్దనరు. ఈ మాట ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, అప్పుడు ఆ గదిలో ఎవరు లేరు అని అడగమంటారు. ఆ మూడో ప్రశ్న మొదటిసారి విన్న రోజు నాకు ఒళ్ళు జలదరించింది. ఏ గదిలోనూ లేని మనిషిని నేనే కదా! ఆయన మందిరంలో ప్రసంగిస్తుంటే, నేను వెనక వంటశాలలో అంతమందికీ టీ మరగబెడుతూ ఉంటాను.

ఆయనకి పగలు ఆఫీసు, వారానికోసారి మైకు. జనం ఆయన్ని ప్రసంగాల సారు అంటారు. నా చదువు కాస్త ముదిరాక, ఆయనకు దాని రుచి తెలిసింది. అన్నం తింటూ "ఈ వారం క్లాసులో ఏం చెప్పారే?" అని అడిగేవారు. మొగుడు నా చదువు గురించి అడుగుతున్నాడని పొంగిపోయి, వడ్డిస్తూనే పాఠమంతా అప్పజెప్పేదాన్ని. అదే పాఠం వారం తిరిగేసరికి మైకులోంచి వచ్చేది. "మీవారు ఎంత చదువుతారమ్మా!" అని టీ గ్లాసు అందుకుంటూ నాతోనే అనేవాళ్ళు. ఆయన పుస్తకం తెరిచి ఏళ్ళయింది. పోనీ, పాఠాలు ఎవరబ్బ సొత్తు అని ఊరుకున్నాను. కానీ ఇది పాఠం కాదు, మా అమ్మమ్మ.

అమ్మమ్మ బతుకంతా మందిరం ఊడ్చింది. ఆవిడని ఎవరూ గ్రంథం ముట్టుకోనివ్వలేదు, అక్షరం నేర్పలేదు. తడిగుడ్డతో నేల తుడుస్తూ, విని విని ప్రార్థనలన్నీ నోటికి పట్టేసింది. లోపల అందరూ "మా తండ్రులను కాచినవాడా" అంటుంటే, గుమ్మం అవతల కూర్చుని "మా తల్లులను కాచినవాడా" అని తనకు తోచినట్టు మార్చుకునేది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అదే నేర్పింది. ఏ పుస్తకానికీ ఎక్కని ఆ భక్తి గురించే నా వ్యాసం. పొయ్యి దగ్గర ఒక వాక్యం, బట్టలు ఆరేస్తూ ఒక వాక్యం పోగేసుకుని రాశాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు, ఆయనది. అందులోనే దాచుకున్నాను.

ఆ ప్రసంగం వారం మా అత్తగారికి ఒంట్లో బాగోక మేమిద్దరం మందిరానికి వెళ్ళలేదు. ఇప్పుడు ఫోన్లో వింటుంటే ఆయన గొంతు వణుకుతోంది. "మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదండీ..." జనం కళ్ళు ఒత్తుకున్నారు. ఆయనా ఒత్తుకున్నారు. నా పక్కన కూర్చుని విన్న మా అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"మా అత్తగారా? ఆవిడ చీపురెప్పుడు పట్టిందే? ప్రార్థన మొదలెట్టగానే గురక పెట్టేది!"

సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుండగానే మేడం అన్నదంతా చెప్పాను.

"మొగుడూపెళ్ళాల మధ్య నీదేంటి, నాదేంటి?" అన్నారు.

"మరి నాయనమ్మ అని ఎందుకన్నారు? మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మ అనలేకపోయారా?"

"అలా చెబితే జనానికి పట్టదే. అయినా మీ అమ్మమ్మ నాకు మాత్రం అమ్మమ్మ కాదా?"

"ఆవిడ పోయినప్పుడు మీకు సెలవు దొరకలేదు."

ఆయన మొహం మాడ్చుకున్నారు. "పాతవన్నీ తవ్వకు. రేపు వెళ్ళి, మా ఆయన ప్రసంగం నచ్చి రాసుకున్నాను, తప్పయిందని చెప్పేసెయ్. నీకు పోయేదేముంది? ఈ వయసులో చదివి ఊళ్ళేలాలా? నా పరువు పోతే మళ్ళీ వస్తుందా?"

"పోనీలే అమ్మాయ్, ఇంటి గుట్టు రచ్చకెక్కించకు" అంది మా అత్తగారు నెమ్మదిగా. గురక సంగతి తెలిసిన మనిషే!

దొంగతనం ఆయనది, క్షమాపణ నాది. ఇంట్లో చాకిరీ నాదన్నారు, చేశాను. నిద్ర నాది కాదన్నారు, మానుకున్నాను. ఆఖరికి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ముసలిదాన్ని కూడా ఎత్తుకెళ్ళి, పైగా నన్నే దొంగనని ఒప్పుకోమంటున్నారు. ముందుగా అడిగి, ఆవిడ ఎవరో చెప్పి మాట్లాడి ఉంటే, వెర్రిదాన్ని, నేనే దగ్గరుండి చెప్పి పంపేదాన్ని. అది తలుచుకుంటే మరీ మండిపోతోంది.

"నేను ఒప్పుకోను. మీరే వచ్చి మేడంతో నిజం చెప్పండి."

"చెప్పను. ఏం చేస్తావు?"

"ఎల్లుండి మీ ప్రసంగం అవ్వగానే మైకు తీసుకుని నేనే చెబుతాను. ఛానెల్లో లైవ్ వస్తుందిగా, మేడం చూస్తారు."

ఆయన పెద్దగా నవ్వారు. "మతాలు చదివి మతి పోగొట్టుకున్నావు. మన మందిరంలో ఆడవాళ్ళు మైకు ముట్టుకోరని తెలీదూ?"

"ఎక్కడ రాసుందండీ?"

ఇన్నేళ్ళుగా మైకు వదలని మనిషి వాళ్ళమ్మ వైపు చూశారు. పాపం, ఆయన మాత్రం ఏం చెబుతారు? ఆ విషయం మీద నేనింకా వ్యాసం రాయలేదు.