కాణిపాకంలో తీసిన ఫోటో

“గోపురం పడిపోతాండాది సూడు. బటన్ ఒత్తేదానికి గూడా చేతగాదా నీకు?” అంటూ ధనశేఖర్ ఫోను తెచ్చి భార్య ముఖం ముందు పెట్టాడు.

ఫోటోలో కాణిపాకం గుడి గోపురం నిజంగానే కుడివైపుకు ఒరిగి ఉంది. దాని ముందు తండ్రీ కూతురూ నిలబడి ఉన్నారు. అతని చెయ్యి లోహిత భుజం మీద, లోహిత చేతిలో ఉద్యోగం ఉత్తరం. తడ దగ్గర ఏసీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా సోమవారం చేరాలి. మొన్న ఆ ఉత్తరాన్ని స్వామి ముందు పెట్టించి, గుడి బయటికి రాగానే ఫోటో తియ్యమన్నాడు. తీసింది మునిలక్ష్మి.

“పాపకు ఉద్యోగమొచ్చిందని మన సంఘం పత్రికలో ఏస్తారంట, సాయంత్రం లోపల ఫోటో పంపమన్నారు. పాప లాప్‌టాప్‌లో గోపురం నేరుగా నిలబడేట్టు చేసి పెట్టు,” అని చెప్పి మోటార్ల అంగడికి వెళ్ళిపోయాడు.

వంట, గిన్నెలు, లోహిత వెంట తీసుకుపోవాల్సిన కరివేపాకు పొడి, అన్నీ ముగిసేసరికి మధ్యాహ్నం మూడయింది. మునిలక్ష్మి లాప్‌టాప్ ముందు కూర్చుని కూతురు చెప్పిన సైటు తెరిచింది. ఏ యాప్ అక్కర్లేదు, అంతా నెట్‌లోనే అయిపోతుందట. ఫోటోను లాగి అందులో వదిలితే దాని మీద నిలువుగా, అడ్డంగా సన్నటి గీతలు వచ్చాయి. కింద ఒక స్కేలు, దాని మీద అటూ ఇటూ జరిపే చుక్క. చుక్కను ఎడమకు జరిపితే ఫోటో ఎడమకు తిరుగుతుంది, కుడికి జరిపితే కుడికి. ఎడమకు జరపాలి. మునిలక్ష్మి కుడికి జరిపింది.

గోపురం ఇంకా ఒరిగింది. పది డిగ్రీలు. పదిహేను. ఇరవై దాటేసరికి తండ్రీ కూతురూ నవ్వుతూనే పక్కకు కూలిపోయేట్టున్నారు. ఆమెకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎందుకో తెలిసిన మరుక్షణం చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

కన్నకూతురి మీద కుళ్ళు. ఎవరికైనా చెప్పుకుంటే మొహాన ఉమ్ముతారు. కానీ నెల రోజులుగా ఆమెను నమిలేస్తున్నది అదే. లోహితకు చక్రాల పెట్టె కొనుక్కొచ్చినప్పుడు, “తడ ఏమంత దూరంలేమ్మా, రెండు గంటలు” అని ధనశేఖర్ నవ్వుతూ చెప్పినప్పుడు, ఆ కుళ్ళు ఇంకా పెరిగింది. రెండు గంటలు! పెళ్ళయిన ఏడాదికే ఆమెకూ ఒక ఉత్తరం వచ్చింది. పెళ్ళికి ముందు రాసిన రైల్వే పరీక్షలో పాసయింది. గూడూరు స్టేషన్లో బుకింగ్ క్లర్కు. తిరుపతి నుంచి గూడూరు కూడా రెండు గంటలే. “రెండు గంటలా? పొయ్యేదానికి రెండు, వచ్చేదానికి రెండు. ఇంట్లో పని ఎవురు చూస్తారు?” అన్నాడు ఇదే ధనశేఖర్. అత్త చంద్రకాంతమ్మ ఇంకా నేరుగా చెప్పింది, “టికెట్లు కొట్టే కోడలా మా ఇంటికి? నలుగురు మొగోళ్ళు కిటికీలో చెయ్యి పెట్టి చిల్లరడగతాంటే ఇస్తా కూర్చుంటావా?” అని. చేరాల్సిన ఆఖరి రోజు మామగారి తద్దినం వచ్చింది. గారెలు వేస్తూ మునిలక్ష్మి గడియారం చూసింది. గూడూరు బండి కదిలిపోయే వేళ. నూనెలో గారె మాడితే అత్త అరిచింది. అంతే, ఆ ఉద్యోగం గురించి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు.

మొన్న గుడి బయట ఫోను ఎత్తి పట్టుకున్నప్పుడు అతను ఎదురుగా ఉన్న పూలంగడామెతో గొప్పగా అన్నాడు, “నా బిడ్డమ్మా, యాడికన్నా పొయ్యి బతకతాది.” ఆ మాట వింటున్నప్పుడే చెయ్యి ఒరిగింది.

“అమ్మా, అయిందా?” లోహిత మడతపెట్టిన చుడీదార్లతో గదిలోకి వచ్చింది.

“హాస్టల్లో తిండి నీకు పడదు,” అంది మునిలక్ష్మి, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

“అదేందిమా, ఇప్పటికి నాలుగోసారి చెప్తాండావు.”

లోహిత ముఖం చిన్నబోయింది. బట్టలు మంచం మీద పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మునిలక్ష్మికి తన గొంతు తనకే వినిపించింది. అచ్చం చంద్రకాంతమ్మ గొంతు. చుక్కను ఎడమకు లాగింది. సున్నా దాటాక, నాలుగు డిగ్రీల దగ్గర గోపురం అంచు నిలువు గీతకు సరిగ్గా ఆనింది. సేవ్ చేసింది.

అయిదు కాకముందే ధనశేఖర్ వచ్చాడు. కాఫీ అందుకుని, ఫోటో చూసి తలూపాడు. “ఇప్పుడు బాగుండాది. కింద రాయి. తండ్రి ధనశేఖర్ గారి ప్రోత్సాహంతో...” అని ఆగాడు. ఒక గుక్క తాగి గొంతు తగ్గించాడు. “నైట్ షిఫ్టు గూడా ఉంటాదంట. పక్కంగడి ధర్మేంద్ర చెప్పినాడు, వాళ్ళ బామ్మర్ది ఆడనే పని చేస్తాండాడు. ఆడపిల్ల. నాకేం పాలుపోవడంలా. ఏమ్మే, నువ్వేమంటావు?”

ఇన్నేళ్ళలో అతను ఆ మాట అడగడం మునిలక్ష్మికి గుర్తు లేదు. లోపలినుంచి వస్తున్న లోహిత గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఒక్క మాట చాలు. ‘నాకూ భయంగానే ఉండాది’ అంటే చాలు, చక్రాల పెట్టె అటక ఎక్కుతుంది. రేపటినుంచి కూతురూ తానూ ఒకే వంటింట్లో, ఒకే లెక్క. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తియ్యగా కూడా ఉంది. లోహిత కళ్ళార్పకుండా తల్లినే చూస్తోంది.

“పంపిద్దాం,” అంది మునిలక్ష్మి. “రాత్రి డ్యూటీ అయినా పంపిద్దాం.”

లోహిత ఊపిరి వదిలింది. ధనశేఖర్ కూడా తేలికపడ్డాడు. “సరే, అయితే రాయి. ప్రోత్సాహంతో...”

మునిలక్ష్మి కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“అడిగినారు కాబట్టి ఇంగోటి గూడా చెప్తా. నెల్లాళ్ళుగా నా బిడ్డను చూస్తాంటే నాకు కుళ్ళుగా ఉండాది.”

“అమ్మా!” అంది లోహిత.

“ఏం మాటలే అవి?” అతను గ్లాసు కింద పెట్టాడు.

“నిజం మాటలే. దానికి నాయన దొరికినాడు. నాకు మొగుడు దొరికినాడు.” మునిలక్ష్మి గొంతు పెంచలేదు. “ఇద్దరూ మీరే.”

ధనశేఖర్ మెడ మీదకు మెల్లగా ఎరుపు పాకింది. అతనికి అన్నీ గుర్తున్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ మరిచిపోయాడేమో అనుకుంది.

“ఏమయింది నాయనా?” లోహిత తండ్రి వైపు చూసింది. అతను గ్లాసు వైపు చూస్తున్నాడు. లేచి చెప్పులేసుకోబోయాడు.

మునిలక్ష్మి మంచం మీది చుడీదార్లను పక్కకు జరిపి కూతురికి చోటిచ్చింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

“మీరు గూడా కూర్చోండి. నేను యాడన్నా తప్పు చెప్తే దిద్దండి.”