ఏమని పిలవాలి

తల్లి పోయిన ఆ పిల్ల తండ్రిని ఆమె పెళ్లాడి ఏడాది తిరిగినా, పిల్ల ఆమెను ఇంతవరకూ ఏమనీ పిలవలేదు. కోపమూ కాదు, పెంకితనమూ కాదు. పెట్టింది తినేది, అడిగినదానికి "మీరు" అంటూ మర్యాదగా జవాబిచ్చేది. ఆమెతో పని పడితే మాత్రం దగ్గరికొచ్చి నిలబడి, చూసేదాకా కాచుకునేది. చూడకపోతే చిన్నగా దగ్గేది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే ఆమెకు తలవంచుకుని పనిచేయడం ఎప్పటినుంచో అలవాటు. ఇంట్లో ఆ దగ్గు కోసం చెవి ఒగ్గి ఉండటం కొత్త అలవాటు.

సెలవులు రాగానే పిల్ల తండ్రి, లోపలే వండుకుని పడుకునే వీలున్న ఒక కారవాన్ బండి అద్దెకు తెచ్చాడు. ఆయన లిఫ్టుల మెకానిక్.

"రోజంతా పైకీ కిందికీ తిరిగే బతుకు నాది. ఒక్కసారన్నా తిన్నగా ముందుకు పోదాం. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగుదాం" అన్నాడు.

సముద్రం పక్కనే దారి. కొబ్బరితోటల నీడలు కిటికీలోంచి ఒళ్లోకి పడుతూ పోతున్నాయి. ఇంట్లో అయితే ఎవరి గది వారిది. ఈ బండిలో తప్పించుకునే చోటే లేదు. మంచం మడిస్తే బల్ల, బల్ల మడిస్తే నడిచే దారి. ఒకరు లేస్తే ఇద్దరు కాళ్లు ముడుచుకోవాలి. పిల్ల దగ్గు మరీ ఎక్కువైంది.

"గొంతు నొప్పా తల్లీ?" అని తండ్రి అమాయకంగా అడిగాడు. ఆమె నవ్వు దిగమింగుకుంది.

ఒక మధ్యాహ్నం తీరానికి దిగే వాలులో బండి ఆపి భోంచేశారు. ఆయన మంచినీళ్ల కోసం డబ్బా పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాడు. పిల్ల లోపల కూర్చుంది. ఆమె బండి వెనక, వాలు కింద ఉన్న కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. అలల హోరులో ఇంకేమీ వినపడటం లేదు.

"ఏమండీ!"

గుండెలు అదిరేలా వచ్చింది ఆ కేక. ఆ ఇంట్లో ఆ మాట అనేది తనొక్కతే. మరి ఎవరన్నారు? ఉలిక్కిపడి తల తిప్పింది. బండి తన మీదికే జారి వస్తోంది. వెనక కిటికీలోంచి పిల్ల నడుము దాకా బయటికి వంగి, రెండు చేతులూ ఊపుతోంది. ఆమె పక్కకు దూకి ఇసుకలో బోర్లా పడింది. బండి గిన్నెలను నలగ్గొట్టుకుంటూ పోయి, మెత్తటి ఇసుకలో కూరుకుని ఆగింది.

పిల్ల తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుంది. ఆయన డబ్బా పారేసి రొప్పుతూ వచ్చాడు.

"ఊళ్లో లిఫ్టులన్నిటికీ బ్రేకులు చూస్తాను. నా బండికి వేయడం మర్చిపోయాను" అంటూ నెత్తి కొట్టుకుని, చక్రాల చుట్టూ ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు.

ఆడవాళ్లిద్దరూ నీడలో కూలబడ్డారు.

"ముందు ఊరికే అరిచాను. మీకు వినపడలేదు" అంది పిల్ల. "ఏమని పిలవాలో తెలియలేదు. మీరు నాన్నని పిలిచేది నోటికొచ్చేసింది."

"పిలిచావుగా. అది చాలు."

"పిన్నీ అందామంటే మా పిన్ని ఉంది కదా. ఆంటీ అంటే పక్కింటావిడ అయిపోతారు. అమ్మా అని..." పిల్ల ఆగిపోయింది.

"వద్దమ్మా. అది మీ అమ్మదే."

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. "మీరు మా అమ్మకంటే పెద్దా, చిన్నా?"

"పెద్దదాన్నే."

"అయితే పెద్దమ్మా అంటాను."

బండి కిందినుంచి ఆయన గొంతు వచ్చింది. "అంటే ఈవిడ నాకు వదినగారయిందన్నమాట! ఇక నోరెత్తే పని లేదు."

పిల్ల పకపకా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేకపోయింది. తను ఫొటోలో తప్ప ఎన్నడూ చూడని ఆ మనిషి, పిల్ల కన్నతల్లి, తన తోడబుట్టినదానిలా ఉన్నట్టుండి దగ్గరికొచ్చి కూర్చున్నట్టయింది. ఆ తల్లి మాట ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఎవరి మనసు నొచ్చుకుంటుందోనని తనూ అడగలేదు.

"మీ అమ్మ ఎలా ఉండేది?" అంది మెల్లగా.

కింద పార చప్పుడు ఆగింది. పిల్ల తండ్రి వైపొకసారి చూసి, ఆమె పక్కకు జరిగింది.

"బాగా అల్లరి మనిషి. ఈతకు దిగితే నేనూ నాన్నా ఒడ్డున నిలబడి, వచ్చేయమని బతిమాలుకునేవాళ్లం" అంటూ మొదలుపెట్టింది.