కాపడం పెట్టిన బూట్లు

నవోమి టెంట్ జిప్ తీసి తల బయటపెట్టేసరికి ఆమె బూట్లలో వడగళ్లు తేలుతున్నాయి.

మూడు జతలూ గుమ్మం ముందు వరసగా, ముక్కులు బయటికి తిరిగి ఉన్నాయి. ఆదివారం టెక్సాస్‌లోని ప్లేనోలో ఆమె ఇంటి ముందు చుట్టాలు విడిచిన చెప్పుల్లాగే. భోంచేసి కాసేపు నడుం వాలుద్దామని ముగ్గురూ లోపలికి వెళ్లినప్పుడు కొండ మీద ఎండ కాస్తోంది. ఆ తర్వాత వాన ఎప్పుడు మొదలైందో, వడగళ్లు ఎప్పుడు పడ్డాయో ఎవరికీ తెలీదు. తెల్లవారుజామున మూడున్నరకి లేచిన వాళ్లకి పిడుగు పడినా మెలకువ రాదు.

టైం ఒంటిగంటా ఇరవై.

ఆమె ఎడమ బూటు ఎత్తి వంచింది. గ్లాసుడు నీళ్లు ధారగా పడ్డాయి.

"వదినా, ఏంటా చప్పుడు?" లోపల్నుంచి మరిది నోయెల్ గొంతు.

"నా బూట్లోంచి నీళ్లు. నీ బూట్లోవి ఇంకా వంచలేదు."

నోయెల్ మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి చూశాడు. చూసి, నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టాడు. "మొన్న ఏమన్నాను నేను? బూట్లు లోపల పెట్టుకుందామన్నాను. మీరేమన్నారు?"

ఏమందో ఆమెకి బాగానే గుర్తుంది. అన్నం తినే చోటికి, ప్రార్థన చేసుకునే చోటికి బూట్లేంటి, గుడ్డ ఇల్లయినా ఇల్లే, అంది. ఆ రూల్ పెట్టింది ఆమే. రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు, అదీ ఆఖరి రోజు, ఇలా.

"అన్నాను. తప్పయింది," అంది నవోమి. "ఇప్పుడు నాలుగింటికల్లా ఇవి ఆరాలి. ఎలాగో చెప్పు."

వాళ్లు వచ్చింది ఎల్క్ వేటకి. ఎల్క్ అంటే గుర్రమంత ఉండే అడవి దుప్పి. ఈ కొలరాడో కొండల్లో దాన్ని వేటాడాలంటే లాటరీలో పేరు రావాలి. పేరు వచ్చినవాళ్లకి ఇచ్చే కాగితమే ట్యాగ్. ఏడేళ్లు వరసగా అప్లై చేస్తే ఈ ఏడు నవోమి పేరు వచ్చింది, నోయెల్ పేరు రాలేదు. వాళ్ల తెలుగు చర్చిలో వేటకి వెళ్లే మగవాళ్లు పదకొండు మంది. వాళ్లు తెచ్చిన మాంసానికి అల్లం వెల్లుల్లి నూరి, మసాలా పట్టించి, యాభై మందికి వండిపెట్టడం ఇన్నేళ్లుగా నవోమి వంతు. హంటర్ సేఫ్టీ కోర్సులో చేరానని చెప్పినప్పుడు ఒకాయన, "సిస్టర్, మీరు గన్ పట్టుకుంటే గరిటె ఎవరు పట్టుకుంటారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి ఆ కోర్సు ఫస్ట్ మార్కులతో పాసైంది.

ట్యాగ్ గడువు ఇవాళ్టితో సరి. సూర్యుడు ఆరూ ఇరవైకి దిగుతాడు. ఆ తర్వాత అరగంట వరకే కాల్పులకి చట్టం ఒప్పుకుంటుంది. పొద్దున్న దుర్భిణిలో చూసిన మగ ఎల్క్, పైనున్న పచ్చిక బయలు దాటి చెట్లలోకి వెళ్లి పడుకుంది. సాయంత్రం మేతకి మళ్లీ అక్కడికే వస్తుంది. రెండు మైళ్లు. అందులో సగం, అడుగు వేస్తే జారే రాళ్ల వాలు.

"అక్కా, నా స్లిప్పర్లు తీస్కోండి," అన్నాడు దివాకర్, టెంట్‌లోంచి తల బయటపెట్టి. నోయెల్‌తో పాటు ఒకే ఆఫీసులో పనిచేసే వరంగల్ అబ్బాయి అతను. గన్ ముట్టడు. ఫొటోలు తీస్తాను, వంట చేస్తాను, బరువు మోస్తాను అని మాటిచ్చి వచ్చాడు.

"హవాయి చెప్పులతో ఆ రాళ్లెక్కితే నన్ను కూడా నువ్వే మొయ్యాలి, దివాకర్."

"తడి బూట్లే వేసుకుని పోతే ఏమైతది?"

"ఎక్కేటప్పుడు ఏమీ కాదు. అక్కడ గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఐదున్నరకి నీళ్లు గడ్డకట్టే చలి. అరగంటలో వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కాళ్లు ఆడించానా, అది చూసి పారిపోతుంది."

నోయెల్ అప్పటికే మంట పనిలో పడ్డాడు. పెద్ద స్ప్రూస్ చెట్టు కింద తడవని ఎండుపుల్లలు ఏరి, రాళ్ల మధ్య రాజేశాడు. తన బూటు ఒకటి కర్రకి తగిలించి మంట పక్కనే పాతాడు. "చూస్తూ ఉండండి. అరగంటలో అప్పడం."

నవోమి చేతులు పనిచేస్తున్నాయి. లేసులు పూర్తిగా లాగేసింది. బూటు నాలుకని వీలైనంత బయటికి వంచింది. లోపలి అట్టలు తీసి పిండి, జాకెట్ లోపల పొట్టకి ఆనించుకుని జిప్ వేసుకుంది. వాటి చల్లదనానికి ఊపిరి ఆగినంత పనైంది. తువ్వాలు బూటులోకి కుక్కి, పిడికిలితో అదిమి, తీసి పిండింది. మళ్లీ కుక్కింది. ఆరుసార్లు అలా చేశాక తువ్వాలు పిండినా నీళ్లు రాలేదు. కానీ లోపల చెయ్యి పెడితే ఇంకా చెమ్మ. పైకి కనిపించని చోటే అసలు తడి ఉంటుంది.

"ఫోన్ తడిస్తే బియ్యంలో పెడ్తం కదా," అన్నాడు దివాకర్. "మన దగ్గర నాలుగు పౌండ్ల సోనామసూరి ఉంది. అండ్ల పాతిపెడదామా?"

"నెక్స్ట్ వీక్‌కి ఆరతాయి," అన్నాడు నోయెల్ మంట దగ్గర్నుంచి.

నవోమి బియ్యం సంచీ వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె పని ఆస్పత్రి ఫార్మసీలో. మందు సీసాలో చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఎందుకు వేస్తారో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. చెమ్మ పోవాలంటే రెండు కావాలి: దాన్ని కదిలించే వేడి, అది చేరడానికి పొడి చోటు. పచ్చి బియ్యానికి రెండోది ఉంది, మొదటిది లేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు వచ్చిన చలికాలమంతా నవోమి రోజూ రెండు పూటలా చేసిన పని ఒకటుంది.

"కాపడం," అంది.

"ఏంటి?"

"కాపడం పెడదాం. మూకుడు తీయి. నోయెల్, నీ పొడుగు సాక్సులు ఎన్ని ఉన్నాయి?"

"ఉతికినవి రెండు జతలు. వదినా, అవి నావి."

"నా ట్యాగ్ కాపాడే పనికి వాడుతున్నా. ఇలా ఇవ్వు."

చిక్కొక్కటే. తడవని పుల్లలు ఒక చిన్న మంటకే సరిపోయాయి, ఆ మంట మీదైతే బియ్యం మాడిపోతుంది, స్టవ్వే గతి. గ్యాస్ డబ్బా ఒకటే మిగిలింది, అదీ సగం. స్టవ్ రెండు గంటలు వెలిగితే ఇంకేమీ ఉండదు. దివాకర్ డబ్బాని ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఒక్క జతకి సరిపోతది అక్కా. రాత్రికి అన్నం ఉండదు. చాయ్ కూడా ఉండదు."

"గోంగూర పచ్చడి, టోర్టిల్లా రొట్టెలు ఉన్నాయి."

"చల్లటియా?"

"చల్లటివే."

అతను ఒక్క క్షణం ఆలోచించి స్టవ్ వెలిగించాడు.

మూకుట్లో బియ్యం గలగలలాడింది. రంగు మారకూడదు, వేడి మాత్రం గింజ గింజకీ ఎక్కాలి. నవోమి గరిటె ఆపకుండా తిప్పింది. వేడెక్కిన బియ్యం సాక్సులో పోసి మూతి ముడేసి, మూటని తన మోచేతి లోపలి వైపు ఆనించుకుంది. చురుక్కుమంది. అత్తగారి కాలికి పెట్టేముందు కూడా ఇలాగే తన చేతి మీద చూసుకునేది. చర్మం ఓర్చుకునే వేడైతే బూటు జిగురు కూడా ఓర్చుకుంటుంది. పది లెక్కపెట్టేదాకా ఆగి మళ్లీ ఆనించింది. ఇప్పుడు సరిపోయింది. బూటు ముక్కుదాకా మూటని తోసింది.

పది నిమిషాలు. మూట బయటికి లాగితే బూట్లోంచి ఆవిరి లేచింది. బూటుని తలకిందులు చేసి విదిలించి, రెండో మూట పెట్టింది. మొదటి మూటలోని బియ్యం చెమ్మతో మెత్తబడింది. దాన్ని మూకుట్లో పోస్తే చుయ్‌మని తడి ఎగిరిపోయి మళ్లీ పొడి బియ్యమైంది. ఎడమ బూటు, కుడి బూటు. మూకుడు, సాక్సు, మోచెయ్యి, బూటు. దివాకర్ ఫోన్‌లో టైమర్ పెట్టి అరుస్తున్నాడు. ఆమె మారుస్తోంది.

రెండూ నలభైకి లోపల పేపర్ టవల్ పెట్టి అదిమింది. కాగితం మొత్తం తడిసింది.

మూడూ పదికి మళ్లీ పెట్టింది. సగం తడిసింది.

అప్పుడే మంట దగ్గర్నుంచి ఒక వాసన వచ్చింది. కాలిన రబ్బరు వాసన. నోయెల్ పరుగెత్తి కర్ర పెరికాడు. బూటు పైతోలు బిగుసుకుపోయింది, అడుగు భాగం ముక్కు దగ్గర ఊడి నోరు తెరిచింది.

దివాకర్ దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. "అన్నా, అప్పడం అన్నావ్ కదా. ఇది పొంగింది."

నోయెల్‌కి కోపం రాలేదు. కూర్చుండిపోయాడు. "వదినా, నేను రాలేను. ఆ రాళ్ల మీద దీంతో నడిస్తే చీలమండ విరుగుతుంది." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీరు ఎప్పుడూ నేను పక్కన లేకుండా కాల్చలేదు."

గరిటె ఒక్క క్షణం ఆగింది. అది నిజం. షూటింగ్ రేంజ్‌లో, టెక్సాస్ పొలాల్లో, ప్రతిసారీ నోయెల్ పక్కన పడుకుని దూరం కొలిచి చెప్పేవాడు. గాలి ఎటో చెప్పేవాడు. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో కూడా అతనే చెప్పేవాడు.

"ఇవాళ నేనే చెప్పుకుంటాను," అని గరిటె తిప్పింది.

మూడూ యాభైకి స్టవ్ ఒకసారి తుపుక్కుమని ఆరిపోయింది. ఆఖరి మూట బయటికి తీసి, బూటు ముక్కులో పేపర్ టవల్ అదిమి, వెలుగులోకి పట్టి చూసింది. అంచున బఠాణీ గింజంత మచ్చ. మిగతా అంతా తెల్లగా ఉంది. పొట్ట దగ్గర వెచ్చబడిన అట్టలు బూట్లలో పరిచింది. పొడి ఉన్ని సాక్సులతో కాలు లోపలికి దూర్చితే, పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నె పక్కన కాళ్లు పెట్టుకున్నట్టుంది.

దివాకర్ తన పొడి సాక్సుల మీద ఇండియన్ స్టోర్ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, తడి బూట్లలోనే కాళ్లు పెట్టాడు. "మోసేటోడు ఒకడు ఉండాలె కదా. నడువుండ్రి."

నాలుగూ ఐదు.

రాళ్ల వాలు మీద తడి ఇంకా ఆరలేదు. నవోమి రాయి రాయినీ కాలితో తట్టి చూసి బరువు మోపింది. వెనక దివాకర్ ప్రతి అడుగుకీ ఒక చప్పుడు: బూట్లోంచి పిచ్‌మని నీళ్లు, కవర్ గరగర. పచ్చిక బయలుకి మూడు వందల గజాలు ఉందనగా ఆమె ఆగి చెయ్యెత్తింది.

"నువ్వు ఇక్కడే. కిరాణా కొట్టు నడిచొస్తున్నట్టుంది."

"నాకే వినబుద్ధి అయితలేదక్కా," అంటూ అతను బండ వెనక కూలబడ్డాడు.

అక్కడి నుంచి ఆమె ఒక్కతే. పాదాల కింద చప్పుడు లేదు. గాలి ఎదురుగా వస్తోంది. పడిపోయిన మాను ఒకటి చూసుకుని, దాని వెనక బోర్లా పడుకుని, సంచీ మీద రైఫిల్ ఆనించింది. దూరం తనే కొలుచుకుంది. చెట్ల అంచుకి రెండు వందల ముప్పై గజాలు. ఐదూ నలభై.

చలి మోచేతుల్లోంచి ఎక్కింది. వేళ్లకి గ్లోవ్స్ చాల్లేదు. ముక్కు మంట పెట్టింది. గడ్డి మీది వాన చుక్కలు ఆమె చూస్తుండగానే తెల్లగా బిగుసుకున్నాయి. కాళ్లు మాత్రం వెచ్చగా, పెట్టిన చోటే కదలకుండా ఉన్నాయి. వాటి గురించి ఆలోచించాల్సిన పనే పడలేదు.

ఆరూ పది. ఏమీ లేదు. ఆరూ ఇరవై. కొండ అంచు మీద ఎండ ఆరిపోయింది.

ఆరూ ముప్పై ఒకటికి చెట్ల మధ్య ఒక కొమ్మ కదిలింది. అది కొమ్మ కాదు, కొమ్ము. రెండు కొమ్ములూ బయటికొచ్చాయి. వాటి కింద నల్లటి మెడ, వెనక గోధుమరంగు ఒళ్లు. ఆ మగ ఎల్క్ పచ్చికలోకి నాలుగడుగులు వేసి ఆగి, సూటిగా ఆమె వైపే చూసింది.

నవోమి కదల్లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తొడలో కండ పీకింది, పీకనిచ్చింది. అది ఇంకో అడుగు వేసి పక్కకి తిరిగితేనే గుండె దొరుకుతుంది, తొందరపడితే గాయం చేసి వదిలేసినట్టవుతుంది. ఎల్క్ చెవి విదిలించి, తల దించి, గడ్డి కొరికింది. ఒక అడుగు ముందుకేసి పక్కకి తిరిగింది.

గాలి ఎదురే, అని తనకి తాను చెప్పుకుంది. దూరం రెండు వందల పది. ముందు కాలి వెనక మడత. సగం ఊపిరి వదిలి, మిగతా సగం ఆపు.

తుపాకీ మోత కొండల్లో మూడుసార్లు తిరిగింది. ఎల్క్ ముందుకి దూకింది, పదిహేను గజాలు పరిగెత్తింది, ముందు కాళ్లు మడుచుకుని అలాగే ఒరిగిపోయింది. ఆమె రెండో గుండు ఎక్కించి, ఐదు నిమిషాలు దాని మీదనుంచి చూపు తిప్పలేదు. అది మళ్లీ కదల్లేదు.

దగ్గరికి వెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. కళ్లు మూసుకుని చిన్నగా స్తోత్రం చెప్పుకుంది. ఆరూ నలభై ఐదు. జేబులోంచి ట్యాగ్ తీసి, మోకాలి మీద పెట్టుకుని, తారీఖు వేసి సంతకం చేసింది.

దివాకర్ పిచ్ పిచ్‌మంటూ పరుగెత్తుకొచ్చి, ఎల్క్‌ని చూసి, ఆమెని చూసి, ఫొటో తీయడం మరిచిపోయాడు.

వాకీటాకీ గరగరలాడింది. "వదినా? ఒక్కటే మోత వినిపించింది. తగిలిందా, పోయిందా?"

నవోమి బటన్ నొక్కింది. "నోయెల్, ఉన్న సంచులన్నీ పట్టుకురా. పెద్ద కత్తులు, హెడ్‌ల్యాంపులు, తాళ్లు కూడా."

"బూటు నోరు తెరిచింది కదా, ఎలా రాను?"

"టేపు చుట్టుకో, తాడు కట్టుకో, నీ ఇష్టం. ఐదేసి కొనల కొమ్ములు. కోసి మొయ్యాలంటే నాలుగు కాళ్లకి నలుగురు కావాలి, మనం ముగ్గురమే ఉన్నాం. నెమ్మదిగా చూసుకుని రా."

కొండ కింద, వాకీటాకీ అక్కర్లేకుండానే, నోయెల్ పెట్టిన కేక సన్నగా పైదాకా వినిపించింది.

నవోమి రైఫిల్ ఖాళీ చేసి దగ్గరున్న చెట్టుకి ఆనించింది. చేతులు పైకి మడుచుకుని దివాకర్ వైపు తిరిగింది.

"ఈ కాలు పట్టుకో. గట్టిగా."