ఎక్స్‌రే అచ్చు

నూనె క్యాను కోసి చేసిన జాకెట్టు వీపు అచ్చును గుడ్డ మీద పెట్టి, చుట్టూ నీలి సుద్దతో గీత లాగింది చిక్కమ్మ. తర్వాత ఐస్‌క్రీం డబ్బా మూతతో చేసిన మెడ అచ్చు. మూడోది చేతి అచ్చు. దాని కోసం మేకు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బళేపేట సందులో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న ఆమెకు అట్టల మీద నమ్మకం లేదు. అట్ట నలుగుతుంది, వానకు మెత్తబడుతుంది. "ప్లాస్టిక్కుకి చావు లేదమ్మా" అంటుంది వచ్చినవాళ్లతో. ఇంట్లో బిందె పగిలినా, షాంపూ సీసా ఖాళీ అయినా ముందు కత్తెర లేస్తుంది. "రేపు నేను పోతే నన్నూ కోసి అచ్చు చేస్తావే" అని ఎగతాళి చేసేవాడు మొగుడు మునిస్వామి.

నిన్న ఆసుపత్రిలో డాక్టరు అతని ఛాతీ ఎక్స్‌రేను దీపం ముందు పెట్టి చూశాడు. తొంభై అయిదులో జబ్బు చేసినప్పుడు తీయించిన పాత ఫిల్ము తెమ్మన్నాడు. రెండూ పక్కపక్కన పెడితే కుడివైపు మచ్చ పాతదో కొత్తదో తెలుస్తుందట. పాతదైతే భయం లేదట. చిక్కమ్మ తలూపింది. ఆ ఫిల్ము ఏమైందో ఆమెకు బాగా తెలుసు. రెండేళ్లు దాచి, జబ్బు తగ్గింది కదా, ఇంకెందుకని తానే కత్తిరించింది. చిరగకుండా వంగుతుంది, చేతి అచ్చుకు అంతకన్నా మంచిది దొరకదు.

పొద్దుటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. లోపల మంచం మీద దగ్గు. అచ్చుల కట్ట విప్పి, నల్ల ముక్కలు ఏరి నేల మీద పేర్చింది. ఎడమ పక్కటెముకలు కుదిరాయి. కుడివైపు మాత్రం అరచేతంత ఖాళీ. చంక వంపు కోసినప్పుడు రాలిన తునక అది. ఏ తునకనూ పారేయని మనిషి ఆ ఒక్కదాన్ని పారేసింది. గుండీల డబ్బాలో, మిషను కింద, ట్రంకు వెనక వెతికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మధ్యాహ్నం కిరణ్మయి తలుపు దగ్గర నిలబడింది. "ఆంటీ, నా బ్లౌజ్ అయిందా? సాయంత్రం హూడిలో ఫంక్షన్, ప్లీజ్."

"నాలుక్కి రా పాపా, అయిపోతాది."

పేర్చిన ముక్కల్లోంచి చేతి అచ్చు తీసి గుడ్డ మీద పెట్టక తప్పలేదు. గీత వంకర పోయింది. తుడిచి మళ్లీ గీసింది.

"ఏమే, పొద్దన్నించీ ఏం ఎతుకుతా ఉండావు?" అన్నాడు మునిస్వామి.

"సూది."

"సూది కాదులే. నా ఫోటో."

చిక్కమ్మ చేతిలో కత్తెర నిలిచిపోయింది. "నీకు తెలుసా?"

"నువ్వు కోసిన దినమే చూసినా."

"అప్పుడే ఎందుకు చెప్పల్యాదప్పా?"

"అచ్చు బాగా కుదిరిందని పాడుకుంటా ఉండావు. శానా కుశాలగా ఉండావు ఆ దినం." నవ్వబోయి దగ్గాడు. "కుట్టు, కుట్టు. ఆ పాప వస్తాది."

చిక్కమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఇది అయినాక ముక్కలన్నీ అతికిస్తా. రేపు డాక్టరు కాళ్లు పట్టుకుంటా" అంది.

మిషను చప్పుడు వెనక దగ్గు వినిపిస్తూనే ఉంది. రెండో చెయ్యి కుడుతుండగా దగ్గు ఆగింది. మందు పనిచేసి కునుకు పట్టిందనుకుంది. ఆ నిద్ర చెడకూడదని కాలు మెల్లగా తొక్కింది, హుక్కులు చప్పుడు లేకుండా కుట్టింది. కిరణ్మయి వచ్చి తొడుక్కుని చూసుకుంది. "చెయ్యి పర్ఫెక్ట్ ఆంటీ" అని ఆటో ఎక్కింది.

చిక్కమ్మ కాఫీ కలిపి తీసుకెళ్లింది. "ఏమప్పా, లెయ్యి." భుజం పట్టి కదిపింది. భుజం చల్లగా ఉంది.

ఆ సాయంత్రం చాపలు పరచడానికి వచ్చిన పక్కింటివాళ్లు నేల మీది ముక్కలు, అచ్చులు అన్నీ ఏరి, తీగకు గుచ్చి, ఎప్పటిలాగే మేకుకు తగిలించారు. అన్నిటికన్నా ముందు చేతి అచ్చు వేలాడుతోంది. దాని మీద మునిస్వామి ఎడమ పక్కటెముకలు, అంచు వెంబడి మధ్యాహ్నం అంటిన నీలి సుద్ద.