గాజు వెనక కీనే

"ఉల్లిపాయలు తరగడానికి నీకు నా పోస్టరే దొరికిందా?"

అలసాన్ గుమ్మంలో నిలబడి అరిచాడు. చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. వాకిట్లో పీట మీద కూర్చున్న సేనబు తల ఎత్తలేదు. ఉల్లి ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. తలుపు పక్కన కాగితాల కట్ట కనిపిస్తే పై కాగితం ఒకటి తీసి, తిరగేసి పరుచుకుంది, అంతే. వెనకవైపు తెల్లగా ఉన్న కాగితం ఏదైనా ఈ ఇంట్లో ఉల్లి పొట్టుకో, చేప పొలుసుకో పనికొస్తుంది.

"వెనకవైపే కదండీ వాడాను."

"వెనకేమిటి, ముందేమిటి? సముద్రం పక్క కార్నిష్ రోడ్డు పొడుగునా గోడలకి అంటించాల్సినవి. రేపు ప్రదర్శన హాలు మేడమ్ వచ్చి లెక్క అడిగితే మా ఆవిడ చేపల పులుసులో వేసిందని చెప్పనా?"

నీడన చాప మీద కూర్చుని జపమాల తిప్పుతున్న అత్తగారు అందుకుంది. "పోనీలేరా. చదువు రానిదైతే మనమే చెప్పుకోవాలి. లిసేలో హైస్కూలు దాకా చదివిన మనిషి, ఏ కాగితం దేనికో ఆవిడకి తెలియదూ?"

ఆడబిడ్డ ఆస్తు అద్దం ముందు జడల మధ్య పాపిడి దిద్దుకుంటూ కిసుక్కున నవ్వింది. "వదిన బ్రష్షులు కడిగినంత శ్రద్ధగా ఇంకేదీ చేయదమ్మా."

సేనబు ఉల్లి ముక్కల్ని గిన్నెలోకి దులిపి, తడిసిన కాగితాన్ని మడుద్దామని తిప్పింది. పైన పెద్ద అక్షరాల్లో 'అలసాన్ గే, గాజు చిత్రాల ప్రదర్శన' అని ఉంది. ప్రారంభం శుక్రవారం సాయంత్రం. కోరా వాద్యం, దారో సాంబ్ గానం. దాని కింద కాగితం సగం దాకా, నీలం గౌను వేసుకుని, వీధి కుళాయి పక్కన, ఒక కాలి మీద బరువేసి నిలబడ్డ పాప. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. బొమ్మ కింద సన్నటి అక్షరాలు: 'మెదీనా వీధి పిల్ల'. మెదీనా వాళ్ళుండే పేటే.

ఉల్లి నీరు పాప చెంప దాకా ఇంకింది. సేనబు కొంగుతో అద్దింది. అద్దేకొద్దీ మరక పెద్దదైంది.

కూతురు కీనే పోయి మూడు వానాకాలాలు దాటాయి. జ్వరం వచ్చిన రోజు పొద్దున కూడా ఆ కుళాయి దగ్గరే ఆడుకుంది. ఆ గాటు కూడా ఆ కుళాయి పెట్టిందే, పరిగెడుతూ వెళ్ళి గుద్దుకుంది. పిల్ల పోయిన వారానికే అత్తగారు గోడ మీద ఫోటోలు తీసి ఎక్కడ పెట్టిందో పెట్టింది. పోయినవాళ్ళ ముఖం రోజూ చూస్తుంటే కొత్త కడుపు నిలవదట. కొత్త కడుపు ఎలాగూ నిలవలేదు. పాత ముఖం కూడా మెల్లగా చెరిగిపోవడం మొదలైంది. ఒకనాడు బియ్యం ఏరుతుండగా కీనే ముక్కు ఎలా ఉండేదో గుర్తుకు రాలేదు. ఆ చేటను అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి, వరసలో ఉన్న గాజు పలక ఒకటి తీసుకుంది సేనబు.

ఆ పలకల మీద అలసాన్ సంతకం ముందే ఉంటుంది. గాజు చిత్రం వెనక నుంచి వేస్తారు, ముందు నుంచి చూస్తారు. అందుకే మామూలు బొమ్మలో చివర వచ్చేదంతా ఇక్కడ మొదట రావాలి. కంట్లో మెరుపు ముందు, కన్ను తర్వాత, చెంప ఆ తర్వాత, గోడా ఆకాశమూ అన్నిటికంటే ఆఖర్న. సంతకం మరీ మొదట. అలసాన్ పొద్దున్నే టీ తాగుతూ ఖాళీ గాజు పలకల మూలల్లో తన పేరు తిరగేసి రాసుకుంటూ పోతాడు. ఒకప్పుడు బొమ్మకి గీత కూడా అతనే గీసేవాడు, సేనబు రంగు నింపేది. పెళ్ళైన కొత్తలో అదొక సరసం లాగే ఉండేది. ఇద్దరి మోచేతులూ తగిలేవి. తర్వాత అతనికి మనుషుల్ని కలవాల్సి రావడం ఎక్కువైంది. "నీ చేయి బాగా తిరిగిందోయ్, ఈ పడవ కూడా నువ్వే కానీ," అన్నాడు. పడవ తర్వాత గుర్రం. గుర్రం తర్వాత పెళ్ళి ఊరేగింపు. చివరికి అతనికి మిగిలింది ఆ మూల ఒక్కటే. హాలు మేడమ్ మొదటిసారి వచ్చి, "మీ ఆవిడ కూడా సాయం చేస్తారా?" అని అడిగినప్పుడు, "ఫ్రేములు తుడుస్తుంది" అన్నాడు. టీ గ్లాసులు అందిస్తున్న సేనబు వేళ్ళకి అప్పటికింకా నీలం రంగు ఉంది.

కానీ ఆ రోజు ఆ సంతకం ఆమెకి అడ్డం అనిపించలేదు. కూతురి పాదాల దగ్గర నాన్న పేరు ఉంటే ఉండనీ అనుకుంది. ముందు గాటు వేసింది. తర్వాత కంటి మెరుపు. అప్పుడు ముక్కు దానంతటదే వచ్చింది. గోడ రంగు పూర్తయ్యాక పలక తిప్పి చూస్తే కీనే నిలబడి ఉంది. గుడ్డలో చుట్టి అల్మరా వెనక దాచుకుంది. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు తీసి చూసుకునేది.

ఆ సాయంత్రం అతను ఒక్కడే దొరికినప్పుడు అడిగింది. "ఆ బొమ్మ మీకెక్కడిది?"

"అల్మరా జరిపితే దొరికింది. అసలు అంత మంచి పని ఎందుకు దాచావు? మేడమ్ మిగతావి చూడనే లేదు తెలుసా? దాని ముందే నిలబడిపోయింది. పోస్టరుకి అదే కావాలంది."

"అది కీనే అండీ."

"నాకు తెలియదా?" అన్నాడు. "చూద్దాంలే. దానికి ఏదో ఒకటి చేద్దాం."

ఆ 'చూద్దాంలే'ని ఆమె రాత్రంతా పక్కన పెట్టుకుని పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దారో సాంబ్ వచ్చింది. ఆ వీధిలో ఏ పెళ్ళికైనా, పేరు పెట్టే వేడుకకైనా వంశాల పేర్లు ఎత్తి పాడే గాయని. అరవై దాటినా గొంతు ఇంకా మసీదు మలుపు దాకా వినిపిస్తుంది. శుక్రవారం ఎవరెవరి పేర్లు పాడాలో కనుక్కోవడానికి వచ్చింది. అత్తగారు మురిసిపోతూ భర్త పేరు, మామగారి పేరు, ఆయన తండ్రి పేరు చెప్పింది. ఆస్తు తన పేరు మర్చిపోవద్దంది. "నీ పేరు పాడితే నాకు కొత్త తలగుడ్డ పెట్టాలమ్మాయ్, నీలాంటి పీనాసిని పొగడాలంటే గొంతు బొంగురు పోతుంది," అంది దారో. అందరూ నవ్వారు.

సేనబు బొగ్గుల మీద రెండో విడత టీ కాస్తోంది. దారో గోడకి ఆనించి ఉన్న బొమ్మ వైపు చాలాసేపు చూసింది.

"అలసాన్, ఈ పాప ఎవరు నాయనా?"

సేనబు చేతిలో గ్లాసు ఆగింది. దారో తెలియక అడిగింది కాదు. కీనే పుట్టిన ఎనిమిదో రోజు ఈ వాకిట్లోనే, ఇమాము చెవిలో చెప్పిన పేరును వీధంతా వినేలా పిలిచింది ఆమే. పేరు చెప్పాల్సింది తండ్రి కాబట్టి, తండ్రి వైపు చూస్తోంది.

అలసాన్ తల్లి వైపు ఒకసారి చూశాడు. జపమాల ఆగిపోయి ఉంది.

"ఎవరో పిల్ల పిన్నీ. ఊహించి వేశాను."

"ఎవరో పిల్లా?"

"అలాగే ఉండాలి. పోయిన పిల్ల అని తెలిస్తే బొమ్మని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? ఇప్పటికే ఒకాయన తీసుకుంటానన్నాడు, అబిజాన్ నుంచి వచ్చినాయన."

టీ గ్లాసు ఇస్తుంటే దారో సేనబు మణికట్టు ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది.

సేనబు గ్లాసులు కడిగింది. తడి బట్టలు ఆరేసింది. కీనే పోయిన రోజు కూడా ఇలాగే అందరికీ టీ కాచిందని గుర్తొచ్చింది. అప్పుడు పిల్లని తీసుకెళ్ళింది జ్వరం. జ్వరం ఎవర్నీ అడగదు, అబద్ధం చెప్పదు. అందుకే దానిమీద కోపం రాలేదు. ఇప్పుడు అదే పిల్లని తండ్రే చేయిపట్టుకుని తీసుకెళ్ళి, ఇది మాకేమీ కాదని వీధిలో వదిలి వచ్చినట్టుంది. అరవాలనిపించింది. కానీ ఆ ఇంట్లో అరుపుకి కూడా ఎవరో ఒకరు, అదిగో నరాల జబ్బు అని పేరు పెట్టేస్తారు.

మరునాడు పొద్దున చేపలు కొనడానికి వెళ్ళి, దారో ఇంటి మీదుగా తిరిగి వచ్చింది. ఇంటికి వచ్చాక అన్నం పొయ్యి మీద పెట్టి, బొమ్మని తిప్పి ఒళ్ళో పెట్టుకుని, షేవింగ్ బ్లేడుతో ఆ మూల గీకింది. ముందు గోడ రంగు రాలింది. తర్వాత నేల ఎరుపు. ఆ కింద అతని పేరు, తిరగబడిన అక్షరాలు, ఒక్కొక్కటీ పొడిలా ఊడి వచ్చింది. గీకుతున్నంతసేపూ పాప పాదానికి తగలకుండా బొటనవేలు అడ్డం పెట్టుకుంది. పని అయ్యాక ఆ మూల ఉత్త గాజు మిగిలింది. పక్కన ఉన్న నల్ల రంగు వైపు చూసింది కానీ ముట్టుకోలేదు. అన్నం దించే వేళైంది.

మధ్యాహ్నం పెద్ద పళ్ళెం చుట్టూ అందరూ కూర్చున్నారు. ఎర్రటి అన్నం మధ్యలో చేప, క్యాబేజీ, కారెట్. వండినావిడే చేపను విరిచి ఎవరి ముందుకు వాళ్ళకి జరపాలి. సేనబు అత్తగారి ముందు మెత్తటి ముక్క పెట్టింది. అలసాన్ ముందు పొట్టభాగం. ఆస్తు ముందు క్యాబేజీ. కారెట్ ముక్క పట్టుకుని అలవాటుగా తన ఎడమ పక్కకి జరిపింది. అక్కడ ఎవరూ లేరు. మూడేళ్ళుగా అప్పుడప్పుడు చేయి అలా వెళ్తూనే ఉంది.

"మళ్ళీనా?" అంది అత్తగారు.

సేనబు ఆ ముక్క వెనక్కి తీసుకోలేదు.

"హాలుకి వెళ్ళాల్సిన మిగతా పలకలకి రంగు మీరే వేసుకోండి," అంది. "నేను ముట్టుకోను."

అలసాన్ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఏమిటీ? శుక్రవారానికి ఎలా? పోస్టరు గొడవకే ఇంత అలకా?"

"కుళాయి దగ్గర పాప బొమ్మ మాత్రం వస్తుంది. నేను తీసుకొస్తాను. అమ్మకానికి కాదు. దాని మీద మీ పేరు గీకేశాను."

"నీకు మతి గానీ పోయిందా!" ఆస్తు లేవబోయింది. అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఎందుకో తెలియదు, కాని ముసలావిడ కళ్ళు కారెట్ ముక్క మీదే ఉన్నాయి.

"పొద్దున దారో పిన్ని దగ్గరికి వెళ్ళాను. శుక్రవారం కోరా మొదలవగానే రెండు పేర్లు పిలుస్తానంది. బొమ్మలో ఉన్న కీనే పేరు. బొమ్మ వేసిన వాళ్ళమ్మ పేరు."

అలసాన్ గొంతు తగ్గింది. చాలాకాలం తర్వాత అది మోచేతులు తగిలే రోజుల గొంతులా వినిపించింది. "మరి నా పేరు, సేనబూ?"

"అదే పిన్ని కూడా అడిగింది," అంది సేనబు. "'ఎవరో పిల్ల'కి ఏమవుతారని చెప్పి మిమ్మల్ని పిలవాలో, తినేశాక వెళ్ళి మీరే చెప్పి రండి."