దానమ్మ సెలవుల మీద నా ముద్ర

నేను ఒక రబ్బరు స్టాంపును. గుంటూరులో ముద్రలు చేసే ఒకాయన నా ఒంటి మీద ‘సెలవు మంజూరైనది’ అని తిరగేసి చెక్కి, చెక్కపిడి తగిలించి, ఊరి బయటి నూలు మిల్లుకు అమ్మాడు. అలసిన మనిషికి నాలుగు రోజులు ఇంటి పట్టున ఉండే యోగం నా మూలంగా దక్కుతుందని మురిసిపోయాను. అప్పటికి నాకు మనుషులు తెలియరు.

మిల్లులో టైమాఫీసు గుమాస్తా పురుషోత్తంగారు నన్ను సొరుగులో పెట్టి తాళం వేశారు. సెలవడిగిన కూలీలకు ఏడాది పొడుగునా “ఇప్పుడు కుదరదు” అని నోటితోనే సరిపెట్టేవారు. నా పనంతా డిసెంబరు ఆఖరి వారంలోనే. ఆ వారం షిఫ్టు మారే వేళ కూలీలు వరసలో నిలబడి ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టేవారు.

“పెట్టకపోతే మీ సెలవులు మురిగిపోతాయి. పెడితే జమవుతాయి, మానేసిన రోజున డబ్బు కట్టిస్తాం,” అనేవారాయన. వాళ్లు వెళ్లాక తీరిగ్గా తేదీలు నింపి నన్ను టపాటపా కొట్టేవారు. చెమటోడ్చిన రోజులు కాస్తా సెలవు రోజులైపోయేవి.

దానమ్మ ఆ మిల్లులో ఇరవై రెండేళ్లు దారం తీసింది. మొదట్లో వేలిముద్ర వేసేది. సంతకమైతే ముందు ముందు పేచీ ఉండదని పురుషోత్తంగారే ఆమె పేరు కాగితం మీద రాసిచ్చారు. ఇంట్లో బొగ్గుముక్కతో గోడ మీద దిద్దుకుని నేర్చుకుంది. మొగుడికి కామెర్లు ముదిరినప్పుడు కూడా ఒక్క పూటే ఇంటి దగ్గర ఆగింది, సెలవు దండగవుతుందని. మిషన్ల మోతకు చెవులు పోయాయి. చెవి మిషను పెట్టుకుంటే వినపడుతుందని డాక్టరు చెప్పాడు. సెలవుల డబ్బుతో అది కొనుక్కుని, మాటలు నేర్చుకుంటున్న మనవరాలి నోట ‘అమ్మమ్మా’ అని వినాలని మిల్లు మానేసింది.

“నీకు సెలవులేమీ మిగల్లేదు. అన్నీ వాడేసుకున్నావు,” అన్నారు పురుషోత్తంగారు.

ఆమె చెవికి చెయ్యి ఆనించి నవ్వింది. “కాస్త గట్టిగా చెప్పండి సారూ.”

ఆయన వరండాలో ఉన్న జనాన్ని చూసి, గట్టిగా చెప్పలేక, ఫారాల కట్ట విప్పి ముందు పరిచారు. దానమ్మకు చదువు రాదు. తన పేరు మాత్రం పోల్చుకుంది.

“ఈ వేలిముద్రలూ సంతకాలూ అన్నీ నాయే. ఒక్క ఏడు కూడా తప్పలేదు. డబ్బులు ఎప్పుడు రమ్మంటారు?”

ఆయన తల అడ్డంగా ఊపి, నా ముద్ర మీద వేలు పెట్టి, ఖాళీ అరచేయి చూపించారు. ఆమె మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

“సెలవెక్కడిదయ్యా? నేను రోజూ మిషను కాడే ఉన్నాగా,” అంది. నేనక్కడే బల్ల మీద ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నాకున్నది ఒక్కటే మాట, అదీ అబద్ధం.

పురుషోత్తంగారు ఏటా ఎండాకాలం పదిహేను రోజులు ఊళ్లు తిరిగి వచ్చేవారు. ఆయన కాగితాల మీద నన్నెప్పుడూ కొట్టుకోలేదు. రిటైరయిన రోజున ఆయన సెలవులన్నిటికీ లెక్కకట్టి డబ్బిచ్చి, శాలువా కప్పారు.

తర్వాత మిల్లులోకి కంప్యూటర్లొచ్చి, నన్ను పాత కాగితాల కొట్టుకు అమ్మేశారు. దానమ్మ ఇప్పుడు ఆ కొట్లోనే కాగితాలు ఏరుతోంది. నిన్న మధ్యాహ్నం ఆమె మనవరాలు గుమ్మంలో నిలబడి “అమ్మమ్మా” అని మూడుసార్లు పిలిచింది. దానమ్మ తలెత్తలేదు. నాకు మూడుసార్లూ వినపడింది.